బయానా ఇచ్చాక ఇంటి పన్ను మారితే ఏం చేయాలి? మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళ కోసం

బేరం కుదిరింది, బయానా ఇచ్చారు, బ్యాంకులో లోన్ ఫైలు నడుస్తోంది. రిజిస్ట్రేషన్‌కు ఇంకా నెలో రెండు నెలలో టైముంది. మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళు చాలామంది ఈ మధ్యకాలాన్ని ఊరికే ఎదురుచూసే కాలం అనుకుంటారు. పన్ను తలనొప్పులు మొదలయ్యేది మాత్రం ఇక్కడే. పాత బకాయి బయటపడొచ్చు. మున్సిపాలిటీ వాళ్ళొచ్చి ఇల్లు మళ్ళీ కొలిచి పన్ను పెంచొచ్చు. ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయి పంచాయతీ రసీదు చెల్లకుండా పోవచ్చు. రిజిస్ట్రేషన్ రేట్లు పెరగొచ్చు. ఇవేవీ మన చేతిలో లేవు. ఏది జరిగితే ఎవరు కట్టాలో ముందే రాయించుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, జడ్చర్ల, వనపర్తి వైపు ఇల్లు కొంటున్నవాళ్ళు ఏ పని ఎప్పుడు చేయాలో వరుసగా చెబుతాను.

బయానాకు ముందు: రసీదు కాదు, డిమాండ్ చూడండి

ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు "పన్ను కట్టినం అన్నా, రసీదు ఉన్నది" అని ఒక కాగితం చేతిలో పెడతారు. రసీదు ఒక్కసారి కట్టినదానికే సాక్ష్యం. అంతకు ముందుది బాకీ లేదని అది చెప్పదు. మీరు అడగాల్సింది ఇంటి అసెస్‌మెంట్ నంబరు, అంటే పీటీఐఎన్. పది అంకెలుంటుంది, పన్ను రసీదు మీదే ఉంటుంది. ఆ నంబరుతో మున్సిపల్ శాఖ సీడీఎంఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఫోన్లో అర్థం కాకపోతే మీసేవలో అడగండి, లేదా మున్సిపల్ ఆఫీసు పన్నుల కౌంటర్‌లో ప్రింటు తీసి ఇమ్మనండి.

ఆ కాగితం చేతికొచ్చాక నిదానంగా చదవండి. మొదట పేరు. అమ్మే ఆయన పేరే ఉందా, చనిపోయిన తండ్రి పేరుందా, అంతకు ముందు అమ్మిన వాళ్ళ పేరుందా? పేరు వేరే ఉంటే మ్యుటేషన్, అంటే పన్ను రికార్డులో పేరు మార్పు, ఇంకా కాలేదని అర్థం. దాన్ని ముందు ఆయనే సరిచేయించుకోవాలి. తర్వాత ఇంటి నంబరు. పాత ఇంటి నంబరు డాక్యుమెంటులో, కొత్తది పన్ను రికార్డులో ఉండడం మన ఊళ్ళలో మామూలే. రెండూ ఒకే ఇంటివని చూపే కాగితం అడగండి. ఆ తర్వాత కట్టడం విస్తీర్ణం, నివాసమా దుకాణమా అన్నది. చివరగా బకాయి, వడ్డీ. లైబ్రరీ సెస్సు అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది పన్నులో భాగంగానే వసూలవుతుంది.

వడ్డీ గళ్ళను తేలిగ్గా తీసుకోకండి. మున్సిపాలిటీల్లో బకాయి మీద నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది. పది వేల బకాయి రెండేళ్ళు ఆగితే వడ్డీయే 4,800 అవుతుంది. కొన్నేళ్ళలో ప్రభుత్వం పాత వడ్డీ మీద 90 శాతం మాఫీ ప్రకటించిన మాట నిజమే. "మాఫీ వస్తది, అప్పుడు కడదాం" అని అమ్మే ఆయన అంటే మాత్రం ఒప్పుకోవద్దు. మాఫీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చేలోపు ఇల్లు మీ పేరు మీదికి వచ్చేస్తుంది.

రికార్డులో ఉన్న ఇల్లు, కళ్ళముందున్న ఇల్లు ఒకటేనా?

నా దృష్టిలో మొత్తం కొనుగోలులో అందరూ వదిలేసే పని ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. రికార్డులో గ్రౌండ్ ఫ్లోర్ మాత్రమే ఉంటుంది, అక్కడ చూస్తే పైన మరో అంతస్తు, దాని మీద ఒక రేకుల గది. లేదంటే రికార్డులో నివాసం అనుంటుంది, రోడ్డు వైపు రెండు షట్టర్లు వేసి కిరాయికి ఇచ్చి ఉంటారు. అమ్మే ఆయనకు ఏళ్ళుగా తక్కువ పన్ను వచ్చింది కాబట్టి ఆయన సంతోషంగా చెబుతాడు: "మనకు పన్ను చాలా తక్కువ." ఆ తక్కువతనమే రేపు మీ మీద పడుతుంది.

ఎందుకంటే తెలంగాణ మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను లెక్క వార్షిక అద్దె విలువ మీద నడుస్తుంది. ఇల్లు ఏ ప్రాంతంలో ఉంది, స్లాబా రేకులా, ఎన్ని చదరపు మీటర్లు, నివాసమా వ్యాపారమా అన్నవి చూసి ఒక అద్దె విలువ కడతారు. దాని మీద శాతం లెక్కన పన్ను. అంతస్తు పెరిగితే విస్తీర్ణం పెరుగుతుంది, షట్టరు వేస్తే రేటే మారుతుంది. ఒక మాట: యూట్యూబ్‌లో ఇంటి పన్ను మీద తెలుగు వీడియోలు బోలెడున్నాయి. వాటిలో చాలావరకు ఆంధ్రప్రదేశ్ లెక్క చెబుతాయి. అక్కడ 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. ఆ లెక్క పట్టుకుని నల్లగొండ ఇంటికి పన్ను అంచనా వేస్తే తప్పుతుంది.

కాబట్టి ఒక టేపు తీసుకుని పోండి. పొడవు, వెడల్పు కొలిచి ప్రతి అంతస్తుకూ రాసుకోండి. చదరపు అడుగుల్లో వస్తే 10.76తో భాగిస్తే చదరపు మీటర్లవుతాయి. పన్ను రికార్డులో ఉన్న అంకెతో పోల్చండి. కొంచెం తేడా ఉంటే పట్టించుకోనక్కరలేదు. ఒక గదో అంతస్తో మొత్తం కనిపించకపోతే ఆగండి. కట్టడానికి అనుమతి ప్లాన్ ఉందా అని అడగండి. ప్లాన్ ఉండి పన్ను రికార్డులో లేకపోతే అది పన్ను సమస్య మాత్రమే. ప్లానే లేకపోతే అది అనుమతి లేని కట్టడం. దాని మీద అదనపు పన్ను జరిమానాగా పడుతుంది. అలా పన్ను కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు. "పన్ను కడుతున్నం కదా, ఇంకేం కావాలె" అనే మాట ఇక్కడ పనికిరాదు.

2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ఇంటి యజమానే తన ఇంటి వివరాలు స్వయంగా ధ్రువీకరించి పన్ను లెక్క ఇవ్వాలి. తప్పుడు వివరాలిస్తే 25 రెట్ల జరిమానా వేసే వీలు అదే చట్టంలో ఉంది. పాత యజమాని తక్కువ చూపించిన సంగతి మీకు తెలిసి కూడా కొన్నాక అదే అంకె కొనసాగిస్తే ఆ తప్పు మీదవుతుంది. ఇదే చట్టంలో పేదవాళ్ళకు మేలు చేసే మాట కూడా ఉంది: 75 గజాల లోపు జాగలో గ్రౌండ్ ఫ్లోర్ లేదా దానిపై ఒక అంతస్తు ఉన్న ఇంటికి ఏడాదికి వంద రూపాయలే పన్ను. మీరు కొనే ఇల్లు అలాంటిదైతే దాన్ని అడిగి తీసుకోండి.

ఒక ఇంట్లో సగ భాగమో పై అంతస్తు మాత్రమో కొంటున్నారా? మొత్తం ఇంటికి ఒకే పీటీఐఎన్ ఉంటే రేపు పక్కవాళ్ళు పన్ను కట్టకపోయినా బకాయి మీ నంబరు మీద కనిపిస్తుంది. అసెస్‌మెంట్ విడగొట్టించి మీ భాగానికి వేరే నంబరు తెచ్చాకే రిజిస్ట్రేషన్ అని చెప్పండి. అపార్ట్‌మెంట్ ఫ్లాటుకూ అంతే. బిల్డర్ ఇంకా ఖాళీ జాగ పన్ను కిందే నడిపిస్తున్నాడేమో చూడండి.

పంచాయతీనా, మున్సిపాలిటీనా?

మన వైపు ఈ ప్రశ్నకు సమాధానం ఇటీవలి ఏళ్ళలో చాలాచోట్ల మారింది. చిట్యాల, హాలియా, నందికొండ, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు 2018లో మున్సిపాలిటీలయ్యాయి. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. అంటే మీకు చూపిస్తున్న పన్ను రసీదు పంచాయతీ కార్యదర్శి ఇచ్చినదై ఉండొచ్చు, ఇల్లు మాత్రం ఇప్పుడు పట్టణం లెక్కలో ఉండొచ్చు.

ఇలాంటి ఊళ్ళో కొంటుంటే మూడు సంగతులు తేల్చుకోండి. పంచాయతీ కాలం బకాయి ఏమైనా ఉందా, ఉంటే ఎక్కడ కట్టాలి? మున్సిపల్ రికార్డులోకి ఇల్లు ఎక్కిందా, పీటీఐఎన్ వచ్చిందా? ఎక్కించేటప్పుడు ఇల్లు కొత్తగా కొలిచారా, లేక పంచాయతీ రాసిన పాత అంకెనే తెచ్చిపెట్టారా? ఈ మూడోదే అసలుది. పాత అంకెనే తెచ్చి ఉంటే కొలత ఇంకా బాకీ ఉందన్నట్టే. ఇప్పుడు ఏడాదికి కొన్ని వందలే అని చెప్పిన పన్ను కొలిచాక ఎన్ని రెట్లయినా కావొచ్చు. అలాంటప్పుడు పాత పన్నును చూసి మీ ఇంటి ఖర్చు లెక్క వేసుకోవద్దు. అదే వీధిలో ఇప్పటికే కొలత అయిన, అదే సైజు ఇంటివాళ్ళను అడగండి. వాళ్ళు కట్టేదే రేపు మీరూ కట్టేది.

అగ్రిమెంటులో ఒక పేరా

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, అమ్మకం జరిగే రోజు వరకు పన్నులు అమ్మేవాళ్ళవి, ఆ తర్వాతవి కొనేవాళ్ళవి. మంచి మాటే. కానీ అది మీకూ అమ్మే ఆయనకూ మధ్య లెక్క. మున్సిపాలిటీ మాత్రం బకాయిని ఇంటి మీదే చూస్తుంది, నోటీసు గేటుకే అంటిస్తుంది. అమ్మే ఆయన పైసలు తీసుకుని హైదరాబాద్ వెళ్ళిపోయాక చట్టం మీ వైపే ఉన్నా, ఆ మూడు వేలో పదమూడు వేలో వసూలు చేయడానికి ఎవరు తిరుగుతారు?

అందుకే అమ్మకం అగ్రిమెంటు రాసేటప్పుడు డాక్యుమెంట్ రైటర్‌తో ఇలాంటి పేరా పెట్టించండి:

"ఈ షెడ్యూల్ ఆస్తిపై రిజిస్ట్రేషన్ తేదీ వరకు చెల్లించవలసిన ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బిల్లు మరియు వాటిపై వడ్డీ, జరిమానాలు యావత్తు విక్రేత స్వంత ఖర్చులతో చెల్లించి రసీదులు కొనుగోలుదారుకు అప్పగించగలరు. రిజిస్ట్రేషన్ తేదీకి ముందు కాలానికి సంబంధించి పన్ను సవరణ లేదా కొత్త మదింపు వలన తదుపరి ఎప్పుడు డిమాండ్ వచ్చినను దానికి విక్రేతయే బాధ్యులు. అట్టి డిమాండ్ రిజిస్ట్రేషన్‌కు ముందే వచ్చిన యెడల ఆ మొత్తమును మిగులు సొమ్ములో మినహాయించుకొనుటకు కొనుగోలుదారుకు హక్కు కలదు."

ఇందులో ప్రాణం చివరి వాక్యంలో ఉంది. మొదటి రెండూ మాట, చివరిది పైసలు. మిగులు సొమ్ము మీ చేతిలో ఉన్నంతవరకే మీ మాటకు బలం. కొందరు రైటర్లు "ఇవన్నీ ఎందుకు సార్, మామూలుగా రాస్తే సరిపోతది" అంటారు. వినకండి. వాళ్ళకు రోజూ చేసే పని, మీకు జీవితంలో ఒక్కసారి చేసే పని. అమ్మే ఆయన మీకు మేనమామ వరసైనా సరే, రాయించండి. చుట్టరికం ఉన్నచోట తర్వాత అడగడం ఇంకా కష్టం.

అమ్మకం రోజు ఆర్నెల్ల మధ్యలో పడితే ఎలా పంచుకోవాలన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. పన్ను ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు ఒక ఆర్నెల్లు, అక్టోబర్ నుంచి మార్చి వరకు మరో ఆర్నెల్లు. ఆర్నెల్ల పన్ను మూడు వేలు, రిజిస్ట్రేషన్ ఆగస్టు 10న అనుకుందాం. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 9 వరకు 131 రోజులు. మొత్తం 183 రోజుల్లో అమ్మే ఆయన వంతు సుమారు 2,150, మీ వంతు 850. ఇంత చిన్న మొత్తానికి రోజుల లెక్క ఎందుకు, ఆ ఆర్నెల్లది మొత్తం ఆయనే కడతాడని రాసుకుంటే సరిపోతుంది. పన్ను పెద్దదైతే మాత్రం, ముఖ్యంగా షట్టర్లున్న ఇంటికి, రోజుల లెక్కే మంచిది.

మధ్యలో నోటీసు వస్తే

అగ్రిమెంటు అయింది, రిజిస్ట్రేషన్ కాలేదు, అప్పుడే పన్ను సవరణ నోటీసు వచ్చిందనుకోండి. మొదటి పని, దాని ఫోటో కాదు, కాపీయే తీసుకోండి. రెండోది, అందులో ఏ తేదీ నుంచి కొత్త పన్ను అన్నది చూడండి. పాత తేదీ నుంచి అమల్లోకి వచ్చే పన్ను అయితే రిజిస్ట్రేషన్ వరకు నడిచిన కాలానిది ఆయనది, ఆ తర్వాతి కాలానిది మీది. మూడోది, అభ్యంతరం చెప్పుకునే గడువు నోటీసులోనే ఉంటుంది. ఆ గడువు రిజిస్ట్రేషన్‌కు ముందే అయిపోతుంటే అభ్యంతరం పెట్టాల్సింది ఇంకా యజమానిగా ఉన్న ఆయనే. "నువ్వు కొంటున్నవ్ గదా, నువ్వే పెట్టుకో" అంటాడు. ఆయన సంతకంతోనే పెట్టించండి, కొలతల కాగితం మీరు రాసివ్వండి, ఆఫీసులో ఇచ్చినట్టు ముద్ర వేసిన కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

పెరిగిన పన్ను న్యాయమైనదే అనిపిస్తే గొడవ వద్దు. విస్తీర్ణం నిజంగానే ఎక్కువ ఉంటే అది ఎప్పటికైనా రావాల్సిందే, మీరుండగా రాకుండా ఇప్పుడే తేలడం మీకే మేలు. పాత కాలపు తేడా ఎంతో మిగులు సొమ్ములో మినహాయించి, అమ్మే ఆయన ముందే మున్సిపల్ కౌంటర్‌లో కట్టేయండి. ఆయన చేతికి ఇచ్చి "మీరు కట్టండి" అనవద్దు.

లోన్ ఉంటే ఈ సంగతి బ్యాంకుకు కూడా చెప్పండి. బ్యాంకు లాయరు చూసిన పన్ను కాగితం ఒకటి, రిజిస్ట్రేషన్ నాటికి ఉన్నది మరొకటి అయితే డబ్బు విడుదల ఆ రోజు ఆగిపోయే ప్రమాదం ఉంది.

రిజిస్ట్రేషన్ ఖర్చు: మీ జేబు నుంచే

ఇది ఇంటి పన్ను కాదు. కానీ మధ్యలో మారితే తగిలే దెబ్బ దీనిదే పెద్దది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. దీనికి మ్యుటేషన్ ఫీజు 0.1 శాతం కలుస్తుంది. 30 లక్షల ఇంటికి 2,28,000. 2021 జులై 22కు ముందు మొత్తం 6 శాతమే ఉండేది. అంటే ఆ వారం ముందు 30 లక్షలకు లక్షా ఎనభై వేలు అయ్యేది, వారం తర్వాత 45 వేలు ఎక్కువైంది. అప్పుడే భూముల ప్రభుత్వ విలువలూ పెంచారు, 2022 ఫిబ్రవరి 1న మళ్ళీ పెంచారు.

ఇందులో రెండు వేరు సంగతులున్నాయి. శాతం పెరిగితే అందరికీ దెబ్బే. ప్రభుత్వ విలువ పెరిగితే అలా కాదు. డాక్యుమెంటులో రాసిన ధర, ప్రభుత్వ విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద డ్యూటీ. మీరు అసలు ధరే రాయిస్తూ, అది పెరిగిన ప్రభుత్వ విలువ కంటే కూడా ఎక్కువే ఉంటే మీ ఖర్చు మారదు. పేపర్లో "విలువల పెంపు" వార్త చూడగానే హడావుడిగా, కాగితాలు సరిచూడకుండా రిజిస్ట్రేషన్ స్లాట్ (తేదీ, టైము) బుక్ చేయొద్దు. ముందు మీ సర్వే నంబరుకో ఇంటి నంబరుకో ఇప్పుడున్న విలువ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడండి.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు హోమ్ లోన్‌కు బ్యాంకు ఇంటి ధరలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, ఆ పైన 75 లక్షల దాకా 80 శాతం. పది లక్షలు దాటిన ఇంటికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ ధరలో కలపరు. అంటే 30 లక్షల ఇంటికి గట్టిగా 27 లక్షల లోన్ వచ్చినా, మూడు లక్షల మార్జిన్‌తో పాటు రిజిస్ట్రేషన్ రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలూ మీవే. రేటు పెరిగితే ఆ పెరిగిందీ మీదే. బయానా ఇచ్చే ముందే ఇంటి ధరలో మరో రెండు శాతం పక్కన పెట్టుకోండి, ఆ పైసలు ఫర్నిచర్‌కు మాట ఇవ్వకండి.

స్లాట్ ముందు రోజు

బయానా నాడు చూసిన పన్ను వివరాలను స్లాట్ ముందు రోజు మళ్ళీ చూడండి. ఏప్రిల్ 1, అక్టోబర్ 1 దాటి ఉంటే కొత్త ఆర్నెల్ల డిమాండ్ వచ్చి ఉంటుంది. బకాయి సున్నా ఉన్న ప్రింటు, చివరి రసీదు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒకే కవర్లో పెట్టుకోండి. సేల్ డీడ్ చిత్తులో పీటీఐఎన్, ఇంటి నంబరు, విస్తీర్ణం పన్ను రికార్డులో ఉన్నట్టే ఉన్నాయా అని అంకె అంకె సరిచూడండి. ఖాళీ జాగ కొంటుంటే ఇదే పని వీఎల్‌టీఎన్‌తో, అంటే ఖాళీ జాగ పన్ను నంబరుతో చేయాలి. నల్లా కనెక్షన్, కరెంటు మీటరు బకాయిలు కూడా అదే రోజు చూసేయండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక

మున్సిపాలిటీల్లో ఇప్పుడు రిజిస్ట్రేషన్‌తోనే మ్యుటేషన్ కూడా అవుతుంది, దానికే ఆ 0.1 శాతం కట్టారు. అయినా కొన్ని రోజుల తర్వాత పీటీఐఎన్ కొట్టి మీ పేరు వచ్చిందా, అక్షరాలు సరిగ్గా ఉన్నాయా చూడండి. రాకపోతే సేల్ డీడ్ కాపీతో మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. పేరు మారకపోతే నోటీసులు పాత పేరు మీదే వస్తాయి, గడువులన్నీ మీకు తెలియకుండానే దాటిపోతాయి. పంచాయతీ ఇల్లయితే కార్యదర్శి దగ్గర పేరు మార్పు అయిందో లేదో అడిగి తెలుసుకోండి. కరెంటు మీటరు పేరు మార్పు వేరే పని, అది దానంతట అది కాదు.

మీరు కొన్నాక గది వేసినా, షట్టరు పెట్టినా పన్ను వివరాలు మీరే సరిచేయించండి. మొదటి ఏప్రిల్‌లో ఏడాది పన్ను మొత్తం ఆ నెల 30లోపు కడితే 5 శాతం తగ్గింపు ఇస్తారు. ఆ రసీదు మీద మీ పేరు, మీ విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో చూసి సేల్ డీడ్‌తో పాటే ఫైల్లో పెట్టండి. అగ్రిమెంటు కాగితాన్ని కూడా పారేయొద్దు. పాత కాలపు డిమాండ్ ఏదైనా తర్వాత వస్తే అమ్మిన ఆయనకు చూపించాల్సింది అందులోని ఆ పేరానే.